గడువు తీరిన పొట్లం

ఆ గురువారం పొద్దున షుయే చియెన్-హుంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, పేయ్-చున్‌ని మధ్యాహ్నం ఆల్చిప్పల అట్టు తినడానికి రమ్మని పిలవాలి. మూడేళ్ల కిందట ఆమె ఈ తావ్‌యువాన్ కార్ఖానా నుంచి తైనాన్ శాఖకు బదిలీ అయింది. ఇవాళ యంత్రాల తనిఖీకి వస్తోంది, మూడింటి రైలుకి వెళ్లిపోతుంది. ఈసారీ నోరు మెదపకపోతే ఇక ఈ జన్మకి మెదపలేనని అతనికి తెలుసు.

అతని యంత్రం నువ్వుగింజలో సగం ఉండే ముక్కల్ని గంటకి నలభై వేల చొప్పున సర్క్యూట్ బోర్డుల మీద అమరుస్తుంది. అక్కడి అన్ని యంత్రాల మీదా ఉన్నట్టే దాని నెత్తినా ఒక ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంటుంది. అది ఉంటేనే యంత్రం మాట వింటుందని తైవాన్ కార్ఖానాలన్నిటా నమ్మకం. రంగు మారకూడదు, గడువు తీరకూడదు. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా ఈ విషయంలో వాదించరు.

చియెన్-హుంగ్ పొట్లానికి గడువు తీరి రెండేళ్లు దాటింది. వెళ్లేరోజు పేయ్-చున్ పెట్టి వెళ్లింది మరి! "నేను తిరిగొచ్చేదాకా బుద్ధిగా ఉండు" అని దాని మీద రాసి ఉంది. రోజూ ఆ అక్షరాలు చూసుకుంటూ, ఆ మాట యంత్రానికి చెప్పిందే, తనకి చెప్పలేదే అని కుమిలిపోయేవాడు. ఇనుప ముద్ద మీద ఈర్ష్యపడే స్థితికి వచ్చాడు పాపం.

తనిఖీలో గడువు బయటపడితే కొంప మునుగుతుందని పొట్లాన్ని యంత్రం వెనక సందులోకి తోశాడు. ఆ సందులోనే గాలి పంకా ఉంది. పొట్లం దానికి అడ్డుపడి, పావుగంటలో యంత్రం వేడెక్కి, ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది.

సూపర్‌వైజర్ లియావ్ పరిగెత్తుకొచ్చి ముందు యంత్రం నెత్తిన చూశాడు. "పొట్లం ఏదిరా?"

"అదీ... ఎలక ఎత్తుకుపోయినట్టుందన్నా."

"ఎలకా! ఈగ కూడా దూరని గదిలోకి ఎలకెలా వచ్చిందిరా? అదీ తనిఖీ రోజున! అన్ని లైన్లూ ఆపండి! తలుపులు మూయండి!"

నూట ఇరవై మంది టోపీలతో సహా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. "నేను తోక చూశాను" అని ఒకావిడ ఒట్టేసింది. "నేను చూసినదానికి తోక లేదే" అన్నాడు ఇంకొకాయన. దాంతో ఎలకలు రెండయ్యాయి.

పదకొండింటికి పేయ్-చున్ వచ్చేసరికి లియావ్ చీపురు పట్టుకుని నేల మీద పాకుతున్నాడు. సంగతి విని ఆమె తిన్నగా యంత్రం వెనక్కి వెళ్లింది, చెయ్యి పెట్టింది, పొట్లం లాగింది.

"ఇదేనా లియావన్నా మీ ఎలక?"

లియావ్ తేదీ చూసి గుండె పట్టుకున్నాడు. "ఒరేయ్, రెండేళ్లా! పారెయ్యడానికి చేతులు రాలేదా నీకు?"

"రాలేదన్నా" అన్నాడు చియెన్-హుంగ్. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఆమె రాత ఉంది దాని మీద. అది చూడకపోతే నాకు పొద్దు గడవదు."

పేయ్-చున్ పొట్లాన్ని తిప్పి చూసింది. "ఇది నా రాత కాదే! ఆ రోజు నా మణికట్టు బెణికింది. లియావన్న చేత రాయించాను."

లియావ్ చెవులు ఎర్రబడ్డాయి. "నా రాత బాగుందని మా ఆవిడ కూడా ఎప్పుడూ అనలేదురా" అని గొణిగాడు.

చియెన్-హుంగ్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మూడేళ్లు! మూడేళ్లు లియావ్ చేతిరాతకి నిట్టూర్చాడు.

"మాటలు మాత్రం నావే" అంది ఆమె మెల్లగా.

"యంత్రానికి చెప్పావు కదా..."

"తిక్క మనిషీ! యంత్రం కోసం తిరిగొస్తానని ఎవరైనా రాయిస్తారా? నీ ఫోన్ వస్తుందని మూడేళ్లు ఎదురుచూశాను."

అతను గడియారం వైపు చూశాడు. "మరి... మూడింటి రైలు?"

"ఆరింటికి ఇంకోటి ఉంది. ముందు అట్టు తినిపించు."

వాళ్లిద్దరూ వెళ్లాక లియావ్ కొత్త పొట్లం తెచ్చి యంత్రం మీద పెట్టాడు. దాని మీద మాత్రం ఎవరెంత బతిమాలినా ఒక్క అక్షరం కూడా రాయలేదు.