దామోదరం డ్రమ్ములో మందు

తెల్లారగానే డ్రమ్ములోని నీళ్ళు టమాటా మొక్కల మొదళ్ళకు పోసెయ్యాలి, ఎండెక్కేలోగా ఇల్లు చేరాలి. ఐరాల పక్కన కౌలుకు చేసుకునే దామోదరానికి ఆ ఉదయం ఉన్న ఆలోచన అంతే. పోయిన పంటను ఎండు తెగులు మింగేసింది. ఈసారీ మొక్కలు తల వాల్చేస్తుంటే, ఆ తెగులును మట్టిలోనే అణిచే మంచి బ్యాక్టీరియా ఉందంటూ వ్యవసాయాధికారి ఒక పొట్లం ఇచ్చాడు. బెల్లం నీళ్ళలో కలిపి కొన్నాళ్ళు పులియబెడితే అది కోట్లకు కోట్లు పెరుగుతుందట.

మూత తీయగానే వాసన గుప్పుమంది. గట్టు అవతల తన టమాటా చేలో ఉన్న మునిరామయ్య తలెత్తాడు.

“ఏందన్నా డ్రమ్ములో?”

విడమరిచి చెప్పే ఓపిక దామోదరానికి లేదు. “మందు.”

“బెల్లం ఏసినావా?”

“ఏసి పులియబెట్టినా. కావాలంటే నీకూ ఓ బిందెడు ఇస్తాలే.”

మునిరామయ్య ఆ బిందె సంగతి టీ అంగట్లో సంబరంగా చెప్పాడు. కాసేపటికి గట్టు మీద ఖాళీ సీసాలతో జనం చేరారు. “ఇది చెట్లకప్పా, మనుషులకు కాదు” అని దామోదరం ఎంత మొత్తుకున్నా, తమకు పెట్టడం ఇష్టం లేకే అలా అంటున్నాడని వాళ్ళకు కోపం వచ్చింది. ఆ కోపంలో ఎవరో ఫోను చేశారు. ఎక్సైజు జీపు వచ్చి ఆగింది.

“సారా కాదు సార్, బ్యాక్టీరియా,” అన్నాడు దామోదరం.

“కొత్త బ్రాండా?” అన్నాడు ఎస్సై.

సద్ది తీసుకుని అప్పుడే వచ్చిన భార్య ఉదయలక్ష్మి మొగుణ్ణి కాపాడబోయింది. “మా ఇంటాయన సుక్క ముట్టడు సార్! సేసిందంతా బయటికే పోతాది!”

దామోదరం నెత్తి పట్టుకుని కూలబడ్డాడు.

కానిస్టేబుళ్ళు డ్రమ్మును ఒరగదోశారు. నేల వాలు అటే కావడంతో నీళ్ళన్నీ మునిరామయ్య సాళ్ళలోకి పారాయి. ఖాళీ డ్రమ్ము పరీక్షకని జీపెక్కింది. అది సారా కాదని తేలి, డ్రమ్ము తిరిగొచ్చి, ఇంకో పొట్లం దొరికేసరికి దామోదరం చేలో నిలబడ్డ మొక్క లేదు.

కోతల వేళకు మొగుడూ పెళ్ళాం మునిరామయ్య చేలో కూలికి కాయలు కోస్తున్నారు. వాళ్ళ మొహం చూడాలంటే అతనికి సిగ్గుగానే ఉంది. అందుకని మధ్యాహ్నం అన్నం కూడా పెడుతున్నాడు.

చుట్టుపక్కల చేలన్నీ ఎండినా ఇదొక్కటే పచ్చగా నిలిచిందని విని వ్యవసాయాధికారి వచ్చాడు. ఏం వాడావని మునిరామయ్యను అడిగాడు.

“నేనేం సెయ్యలా సార్. పోలీసోళ్ళొచ్చి పోసి పోయినారు.”

అధికారి ఆ మాట రాసుకోలేదు. ఫొటోకి మాత్రం, వెనక తట్టతో నిలబడ్డ దామోదరాన్ని కూడా కాస్త నవ్వమన్నాడు.