బస్సుకో పిస్తోలు!

ప్రతి బస్సులోనూ రోజుకొకరు పిస్తోలు మర్చిపోయి దిగిపోవాలని నా గట్టి అభిప్రాయం!

నవ్వకండి. జనానికి క్రమశిక్షణ నేర్పడానికి ఇంతకు మించిన ఉపాయాన్ని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. బోర్డులు రాయించారు, మైకుల్లో మొత్తుకున్నారు, జరిమానాలన్నారు. ఎవరు విన్నారు? సీటు మీద ఒక్కగానొక్క పిస్తోలు దొరికింది, బస్సంతా బుద్ధిమంతులతో నిండిపోయింది! గాలి కబురు కాదు. మా అక్క మొగుడు సిటీ బస్సు కండక్టరు. ఆయన బస్సులోనే జరిగింది.

ముందు మా బావ సంగతి చెప్పాలి. ఆయనకొక జబ్బుంది. బస్సులో ఎవరు ఏ వస్తువు మర్చిపోయినా దాన్ని సొంతదారు చేతిలో పెట్టేదాకా ఆయనకు ముద్ద దిగదు. స్టాపు దాటగానే సీట్ల మధ్య నడుస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, ఏదైనా కనబడితే తలపైకెత్తి పట్టుకుని గొంతు చించుకుంటాడు. "ఎవరిదండీ ఇది? ఎవరో మర్చిపోయారు!"

గొడుగులు, కళ్లజోళ్లు, ఎక్స్‌రేలు అలాగే ఇళ్లకు చేరాయి. ఒకసారి పళ్లసెట్టు దొరికితే దాన్నీ అలాగే ఎత్తి చూపించాడు. వెనక సీట్లో పెద్దాయన నోట మాట పెగలక చెయ్యి మాత్రం ఊపాడట! ఇంకోసారి ఒక అల్లుడు నిద్రపోతున్న అత్తగారిని సీట్లోనే వదిలేసి దిగిపోతే, బస్సాపించి, వెనక్కి పిలిపించి మరీ ఆవిడను అప్పగించాడు. ఆ అల్లుడు నిజంగానే మర్చిపోయాడా అన్నది మనకు అనవసరం.

అలాంటి మనిషి బస్సులో ఒక గన్‌మన్ ఎక్కాడు. ఓ పెద్ద నాయకుడికి కాపలా ఆయన ఉద్యోగం. నాయకుడి వెనక కార్లు బారులు తీరుతాయి గానీ, డ్యూటీ దిగిన గన్‌మన్ ఇంటికెళ్లడానికి సిటీ బస్సే గతి. కూర్చుంటే నడుముకు గుచ్చుకుంటోందని పిస్తోలు తీసి, తువ్వాల్లో చుట్టి, పక్కన పెట్టుకున్నాడు. హాయిగా కునుకు తీశాడు. తన స్టాపు రాగానే ఉలిక్కిపడి లేచి, లంచ్ బాక్సును మాత్రం భద్రంగా చంకలో పెట్టుకుని దిగిపోయాడు! తప్పేముంది? లంచ్ బాక్సు పోతే ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి. పిస్తోలు పోతే ఎవరికి చెప్పుకోవాలి?

మా బావకు తువ్వాలు కనబడింది. తీశాడు. బరువుగా ఉంది. విప్పాడు. విప్పినదేమిటో బుర్రకు ఎక్కేలోపే చెయ్యి తన అలవాటు ప్రకారం పైకి లేచిపోయింది, నోరు తన పని చేసేసింది.

"ఎవరిదండీ ఇది?"

కదులుతున్న బస్సు, యూనిఫాంలో మనిషి, తలపైకెత్తిన చేతిలో పిస్తోలు!

అప్పుడు చూడాలి మన ప్రజల సంస్కారం! స్పీకరు పెట్టి ఊరందరికీ పాటలు వినిపిస్తున్న కుర్రాడు టక్కున పాట ఆపేశాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికొచ్చి కుదురుగా నిలబడ్డారు. వృద్ధుల సీటును కబ్జా చేసి నిద్ర నటిస్తున్న యువకుడికి మెలకువ వచ్చేసింది. లేచి, ముసలాయన చెయ్యి పట్టుకుని, "కూర్చోండి తాతగారూ" అన్నాడు. ఆ వరసే తాతగారికి పిస్తోలు కన్నా ఎక్కువ భయం కలిగించింది! ఇస్త్రీ చొక్కాల వాళ్లు ముగ్గురు టిక్కెట్టు తీసుకోవడం అప్పుడే గుర్తొచ్చినట్టు జేబులు తడుముకున్నారు.

ఇంకో విచిత్రం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మా బావ "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని అరుస్తూనే ఉన్నాడు. ఏనాడూ అంగుళం కదలని జనం, ఆ రోజు అడక్కుండానే ఆఖరి సీటుదాకా జరిగిపోయారు!

ముందు సీట్లో ఒకావిడ గాజులు తీసి ముందుకు చాచింది. "బాబూ, ఇవి తీసుకుని వదిలెయ్. పిల్లలుగలదాన్ని."

మా బావ సంతోషించాడు. సొంతదారు దొరికిందనుకున్నాడు. "మీదేనా అమ్మా ఇది? ముందే చెప్పొద్దూ!" అంటూ పిస్తోలుతో సహా దగ్గరికి వెళ్లాడు.

ఆవిడ కెవ్వుమని కళ్లు తేలేసింది. అప్పటికి గానీ మా బావ తన చేతిలో ఏముందో చూసుకోలేదు. చూసుకున్నాక పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇక్కడి నుంచే ఆయన తప్పుల మీద తప్పులు చేశాడు. పిస్తోలును మెల్లగా సీటు మీద, గొట్టం గోడ వైపు ఉండేలా పెట్టాడు. బస్సు ఆపించాడు. జనాన్నందరినీ దించాడు. కళ్లు తేలేసిన ఆవిడ మొహాన నీళ్లు చల్లి, కూడా వచ్చినవాళ్లకు అప్పగించాడు. పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లొచ్చేదాకా ఒక్క పురుగును కూడా ఎక్కనివ్వకుండా చేతులు బారజాపి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చదువుకున్న వాళ్లెవరైనా చేసే పనేనా ఇది?

దిగిన జనానికి భయం దిగిపోయింది, సలహాలు ఎక్కాయి.

"బుల్లెట్లున్నాయో లేదో నేను చూసి పెడతా, ఇటివ్వండి," అన్నాడు సినిమాలు తెగ చూసిన ఒకాయన.

"ఇంకాసేపట్లో వంతెన వస్తుందిగా. కాలవలో పడేస్తే పీడా పోతుంది," అన్నాడు ఇంకొకాయన.

"కండక్టర్ గారూ, ఒక్క ఫొటో! అలా పట్టుకుని నిలబడి దిగిపోతా," అని పాటల కుర్రాడు కాళ్లావేళ్లా పడ్డాడు.

ఏదో ఆఫీసులో గుమాస్తా అట, ఆయన మా బావ చెవిలో రహస్యంగా చెప్పాడు. "ఎందుకొచ్చిన గొడవండీ? ఎక్కడిది అక్కడే పెట్టి తువ్వాలు కప్పేయండి. మీ డ్యూటీ దిగిపోతారు. తరవాతి షిఫ్టు వాడి తిప్పలు వాడు పడతాడు."

అన్నీ అనుభవంతో పండిన మాటలు! ఒక్కటైనా విన్నాడా? "ఎవరూ దగ్గరికి రావద్దు. నేను ముట్టుకోవడమే తప్పయిపోయింది," అంటూ చెమటలు కక్కుతూ అలాగే నిలబడ్డాడు. ఎక్కి దిగే జనంలో ఏ పసివాడి చేతికైనా అది చిక్కి ఉంటే ఏమయ్యేదన్న బెంగే ఆయనది. తన సంగతి ఏమవుతుందన్న ఆలోచనే లేదు. అంత అమాయకుడు!

పోలీసులొచ్చారు. ఇన్‌స్పెక్టరు పిస్తోలును చూశాడు, తరవాత మా బావను చూశాడు. ఎక్కువసేపు చూసింది మా బావనే.

"ముందు చూసిందెవరు?"

"నేనేనండీ."

"బస్సులో అంతమంది ఉండగా నీకే ఎందుకు కనబడింది?"

"సీట్లు చూసుకుంటూ నడవడం అలవాటండీ."

"అంటే వెతుకుతున్నావన్నమాట!"

మా బావ ఏం చెప్పాలో తోచక నీళ్లు నమిలాడు. నీళ్లు నమలడం అనుమానాస్పదమని ఇన్‌స్పెక్టరు పక్కవాడితో రాయించుకున్నాడు.

స్టేషన్‌లో మా బావను గోడ పక్కన నిలబెట్టారు. వేలిముద్రలు తీసుకున్నారు. పిస్తోలు మీద ఉన్నవి ఆయన వేలిముద్రలేనని తేల్చి, గొప్ప పరిశోధన చేసినట్టు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు! ఇంతలో గన్‌మన్ వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు. టీ తెప్పించారు. "పాపం, ఎంత కంగారు పడ్డారో!" అని ఓదార్చారు. ఎలా పోయిందని ఒక్కరూ అడగలేదు. వస్తువులన్న తరవాత పోతూ ఉంటాయి. దొరకడమే విడ్డూరం!

నాయకుడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ పెట్టేయగానే వ్యవహారం చకచకా తేలిపోయింది. పోయిన ఆయుధాన్ని అప్రమత్తంగా వెంటాడి అదే రోజు తిరిగి రాబట్టినందుకు గన్‌మన్‌కు ప్రశంసాపత్రం! ఎవరిని వెంటాడాడు? ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని, నడుము తడుముకుని, పరుగెత్తుకొచ్చాడు. అంతే.

మా బావకు సస్పెన్షన్.

అభియోగాలు వినండి. ప్రయాణికులను భయభ్రాంతులను చేయుట. బస్సును అకారణంగా ఆపుట. బస్సులో దొరికిన వస్తువును నిబంధన ప్రకారం డిపోలో అప్పగించక బయటివారికి అప్పగించుట. బయటివారంటే పోలీసులు! అన్నిటికన్నా ఘోరం చివరిది. సదరు పిస్తోలు లగేజీ టిక్కెట్టు లేకుండా ప్రయాణించుచుండగా ఉపేక్షించుట!

మా అక్క నాకు కబురు పెట్టింది. వెళ్లేసరికి బావ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. యూనిఫాం ఉతికి, మడత పెట్టి, పక్కన పెట్టుకున్నాడు. వేసుకోవడానికి లేదు, బీరువాలో పెట్టడానికి మనసు రాలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వైనా చెప్పరా ఈయనకి," అంది అక్క. "ఆ విచారణ ఆఫీసరు మంచాయనే. బండిలో నాకేమీ కనబడలేదని ఒక్క ముక్క రాసిచ్చేస్తే కేసు మూసేస్తామంటున్నాడు. ఈయనేమో ససేమిరా అంటున్నాడు."

"కనబడింది కదోయ్!" అన్నాడు బావ నాకేసి తిరిగి. "కళ్లారా చూసి, కనబడలేదని ఎలా రాయమంటావ్?"

"కనబడిందనే ఉద్యోగం పోతోంది!" అంది అక్క. "రిటైరయ్యే ముందు దొంగ అనిపించుకుని ఇంటికొస్తారా? పెన్షన్ రాకపోతే రేపు మనమెలా బతకాలి? ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల గొడుగులన్నీ మోశారే, ఇప్పుడు మన నెత్తిన గొడుగు పట్టేవాడు ఒక్కడున్నాడా?"

నిజంగానే ఒక్కడూ లేడు. సాక్ష్యం చెప్పమంటే ఆ రోజు బస్సులో ఉన్నవాళ్లందరికీ పనులు పడ్డాయి. గాజులావిడ ఆ దారినే బస్సెక్కడం మానేసిందట. తాను ఎదురుగానే చూస్తున్నానని, వెనక ఏం జరిగిందో తనకు తెలియదని డ్రైవరు చెప్పాడు. ఎదురుగా చూసి నడిపే డ్రైవరు దొరకడం మన అదృష్టమే!

నేను బావకు నచ్చజెప్పాను. పోగొట్టుకోవడం పొరపాటు, అది ఎవరికైనా జరుగుతుంది. దొరకడం నేరం, అది కావాలని చేసేది. ఇంత చిన్న తేడా ఆయనకు ఎందుకు అర్థం కాదు? పోగొట్టుకున్నవాడి వెనక నాయకుడున్నాడు, దొరికినవాడి వెనక ఎవరున్నారు? నా మాటలన్నీ తల వంచుకుని విన్నాడు. ఎదురు చెప్పి ఉంటే బాగుండేది.

మర్నాడు డిపోకు వెళ్లి రాసిచ్చాడు. "బండిలో నాకేమీ కనబడలేదు." సంతకం పెడుతూ మా బావ ఏడ్చాడు. ఆఫీసరు మంచాయన కాబట్టి తన రుమాలే ఇచ్చాడు. పక్క గదిలో డిపో మేనేజరు ఆ వాక్యం చాలా బాగుందని మెచ్చుకుని, కండక్టర్లందరికీ చదివి వినిపించాడు.

ఇప్పుడు ఆయన మళ్లీ డ్యూటీలో ఉన్నాడు. ఎంత ప్రశాంతం! సీట్ల మధ్య కేకల్లేవు. గొడుగులు ఎక్కడివక్కడే పడి ఉంటున్నాయి. పళ్లు పోగొట్టుకున్నవాళ్లు జావ తాగి బతుకుతున్నారు. అల్లుళ్లు నిశ్చింతగా దిగిపోతున్నారు.

మీకొక శుభవార్త కూడా ఉంది. ప్రశంసాపత్రం ఇచ్చిన ఉత్సాహంతో గన్‌మన్ మొన్న మళ్లీ పిస్తోలు పోగొట్టుకున్నాడు. మళ్లీ సిటీ బస్సులోనే! ఏ బస్సో గుర్తులేదట. ఇన్‌స్పెక్టరు డిపోకు వచ్చి కండక్టర్లందరినీ వరసగా నిలబెట్టి అడిగాడు. అందరూ బాగా చదువుకున్నవాళ్లే. ఒక్క గొంతుతో, తడుముకోకుండా, "బండిలో మాకేమీ కనబడలేదండీ," అన్నారు.

ఇంటికొచ్చాక మా బావను చాటుగా అడిగాను. "బావా, నాకైనా నిజం చెప్పు. కనబడిందా?"

"నేనిప్పుడు సీట్ల వైపు చూడటం లేదోయ్," అన్నాడు. "టిక్కెట్లు కూడా పైకి చూస్తూనే కొడుతున్నా."

కాబట్టి పాఠక మహాశయులారా, బుల్లెట్లతో నిండిన ఆ పిస్తోలు ఈ పూట కూడా మనతోపాటే ఊరంతా తిరుగుతోంది. నాయకుడు క్షేమం. గన్‌మన్‌కు కొత్తది ఇచ్చారు. పోలీసులకు ఫిర్యాదు లేదు, డిపోకు లగేజీ టిక్కెట్టు బెంగ లేదు. మీకూ బెంగ అక్కర్లేదు. బస్సులో కూర్చోగానే కింద గట్టిగా ఏదైనా తగిలితే వంగి చూడకండి, ఎవరినీ పిలవకండి. కాస్త సర్దుకుని కూర్చుని, మీ స్టాపులో దిగిపోండి. మీరు లేచిన సీట్లోకి బడి నుంచి వచ్చే పాప ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చు. ఏదీ చూడకుండా ఉండటం ఆ పాపకు ఇంకా ఎవరూ నేర్పలేదు.