రేపెళ్ళే కమలాకర్‌గారి పాయింట్లు

మా వీధిలో కమలాకర్‌లు ఇద్దరున్నారు. గుర్తు కోసం ఒకాయన్ని ఇస్త్రీ కమలాకర్ అంటారు. మా ఆయన్ని రేపెళ్ళే కమలాకర్ అంటారు. ఇస్త్రీ కమలాకర్ ఇస్త్రీ చేస్తాడు. మా ఆయన రేపు వెళ్తారు. ఎనిమిదేళ్ళుగా రేపే వెళ్తున్నారు.

ఎక్కడికంటే ఒక చలిదేశానికి. పేరు చెప్పను. ఆ పేరెత్తితే మా ఇంట్లో ఒకప్పుడు అందరి మొహాలూ వెలిగేవి. ఇప్పుడు నాకు తుమ్ములొస్తాయి.

మొదట వర్క్ పర్మిట్ అన్నారు. అంటే అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి. అది తేలకపోతే పీఆర్ అన్నారు. పర్మనెంట్ రెసిడెన్సీ, అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోనిచ్చే హక్కు. ఈ రెండింటికీ తేడా నాకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మా అత్తగారు సారలమ్మగారు లాలాపేట్‌లో మా బావగారింట్లో ఉంటారు. పెళ్ళయి పదేళ్ళయినా ఆ వంటింట్లో నాకున్నది వర్క్ పర్మిటే. పీఆర్ ఇంకా రాలేదు.

వర్క్ పర్మిట్ కోసం మెడికల్ టెస్టులు చేయించుకోమన్నప్పుడు, ఇక విమానం ఎక్కడమే తరువాయి అనుకున్నారు మా ఆయన. వీధి అసోసియేషన్ ప్రెసిడెంటు లక్ష్మీనర్సయ్యగారు వీడ్కోలు సభ పెట్టి, మా ఇద్దరికీ శాలువాలు కప్పి, "ఎక్కడున్నా తార్నాకను మర్వొద్దు బిడ్డా" అని కళ్ళు తుడుచుకున్నారు. మేం మరవలేదు. ఆ అవకాశమే దొరకలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ మెడికల్ రిపోర్టులకు గడువు తీరిపోయింది. పాలపాకెట్టు మీదే కాదు, మా ఆరోగ్యం మీద కూడా తేదీ ఉంటుందని అప్పుడే తెలిసింది.

అప్పట్నుంచి మా ఆయన మెయిన్ రోడ్డు మీద కనబడరు. నాచారంలో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తారు. పొద్దున వెనకసందులోంచి పోయి, సాయంత్రం వెనకసందులోంచే వస్తారు. నాకు ఆ సౌకర్యం లేదు. బతుకమ్మ ఆడేచోట ఆడవాళ్ళు నన్ను "ఇంక పోలేదా?" అని పలకరిస్తారు. బతికున్న మనిషిని అలా పలకరించే వీధి ఇంకోటి ఉండదు.

ఇక ఇల్లు. ఎలాగూ వెళ్ళేవాళ్ళమే కదా అని ఏదీ కొనలేదు. ఫ్రిజ్ తలుపు ఊడిరాకుండా పాత చున్నీతో కట్టి ఉంచాను. సూట్‌కేసులు రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే అదే డైనింగ్ టేబుల్. కోఠీలో కొన్న ఉన్నికోట్లు ఏటా మే నెలలో డాబా మీద ఎండేస్తాను. ఆ ఎండలో ఉన్నికోటు దులుపుతున్న ఆడదాన్ని చూసి కాకులు కూడా కాస్త దూరంగా వాలతాయి.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు మేరీ ఆంటీ వాకిట్లో ఒక కరివేపాకు మొక్క పెట్టుకుంటానన్నాను. "పోయేటప్పుడు ఎవలకిస్తం?" అన్నారు మా ఆయన. నేను ఎమ్మెస్సీ బాటనీ. తొట్టిలో తులసి కూడా లేని బాటనీ. యూనివర్సిటీ క్యాంపస్‌లో నాకు పాఠాలు చెప్పిన శైలజ మేడమ్ పీహెచ్‌డీకి రమ్మని పిలిస్తే, "మధ్యల వీసా వస్తే?" అన్నారు మా ఆయన. పిల్లల సంగతేమిటని మా అత్తగారు అడిగితే, "ఆడికి పోయినంక పుడితే ఆ దేశపోళ్ళయితరమ్మా, జర ఆగు" అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు ఇరవై తొమ్మిది.

దీని మీద నాకు జోకేమీ తట్టలేదు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

రెండేళ్ళ కిందట మా ఆయనకు నలభై నిండాయి. కేకు కోస్తూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, వచ్చినవాళ్ళు సంతోషం పట్టలేకనుకున్నారు. అసలు సంగతి పాయింట్లు. ఆ చలిదేశం వాళ్ళు ముందొచ్చినవాళ్ళని ముందు పిలవరు. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళని ముందు పిలుస్తారు. వయసు పెరిగితే పాయింట్లు తగ్గుతాయి. అంటే వరసలో నిలబడే కొద్దీ వెనక్కి పోతుంటామన్నమాట. ఇంత చల్లగా మోసం చేయడం వేడిదేశాల వాళ్ళకు చేతకాదు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన నా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"స్వరూపా, నువ్వు ఇంట్ల మగ్గిపోతున్నవ్."

"ఏందండీ, పానం మంచిగలేదా?"

"గంత చదువు చదివి గిన్నెలు తోముడేంది? ఆడవాళ్ళు ముందుకు రావాలె."

"ఎంత ముందుకు? నాచారం దాకానా?"

"మజాక్ చెయ్యకు. జాబ్ చెయ్. ఇంగ్లిష్ పరీక్ష రాయ్. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాలె."

"ఇన్నేండ్లు ఎవల కాళ్ళ మీద నిలబడ్డనో!"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. చెవికి పెట్టుకుంటే వేడి తగులుతుందని మా ఆయన ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతారు. చేసింది మా ఫైలు చూసే ఏజెంటు భూపాల్. ఎప్పుడడిగినా 'ఫైల్ మూవ్ అవుతున్నది' అంటాడు గనక నేను పెట్టిన పేరు మూవింగ్ భూపాల్.

"అన్నా, ఒదినెకు చెప్పినవా? నీ పాయింట్లు ఖతమ్. నీ ఫైలు మీద ఆశ ఇడిచిపెట్టు. ఒదిన నీకంటె చిన్నది, ఎమ్మెస్సీ ఉన్నది. ఇంగ్లిష్ స్కోరు, ఏడాది జాబు తెచ్చుకుంటె ఆమె పేరు మీదనే కొత్త ఫైల్ వేద్దం. ఆమె ప్రిన్సిపల్ అప్లికెంటు, నువ్వు డిపెండెంటు. ఆమె ఎన్క నువ్వు ఎక్కిపోతవ్. ముచ్చట ఆమెకు జర మంచిగ ఎక్కియ్యి, సరేనా?"

మా ఆయన ఫోన్ వంక చూశారు. నా వంక చూశారు. నేను టీలో పంచదార కలుపుతూ, అసలేమీ విననట్టే ఉన్నాను. దొరికిపోయిన మనిషిని వెంటనే పట్టుకుంటే తప్పు ఒప్పుకుంటాడు, అక్కడితో అయిపోతుంది. వదిలేస్తే చాలా కాలం పనికొస్తాడు.

"సరేనండీ, ముందుకొస్తా. నేను చదువుకుంటుంటె వంట?"

"నేను చేస్త."

"జాబ్‌కు పోతె అన్నం డబ్బా?"

"నేనే కడ్త."

"చీరల ఇస్త్రీ?"

"ఇస్త్రీ కమలాకర్ ఉన్నడు గద!"

"ఆయన కాటన్ చీర మాడుస్తడు."

"నేనే చేస్త."

ఆ రోజుతో మా వీధిలో ఇస్త్రీ కమలాకర్‌లు ఇద్దరయ్యారు.

ఇంగ్లిష్ నేర్పడానికి కింద వాటా మేరీ ఆంటీ ఒప్పుకున్నారు. ఇంగ్లిష్ టీచరుగా రిటైరయ్యారు. కాకినాడ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ యాసలో గోదావరి ఇంకలేదు. మాట్లాడ్డం అలవాటవ్వాలంటే ఇంట్లో ఇంగ్లిష్ తప్ప ఇంకేదీ వినిపించకూడదని మా ఆయన రూలు పెట్టారు. దాంతో మొదట దెబ్బతిన్నది మా పోట్లాట. తెలుగులో అయితే మా ఆయన మా తాతల దాకా వెళ్ళగలరు. ఇంగ్లిష్‌లో "యూ... ఆల్వేస్... యూ..." దగ్గరే బండి ఆగిపోయేది. ఒకసారి ఉక్రోషం పట్టలేక "యూ స్పాయిల్ మై లైఫ్!" అని అరిచారు.

కింద నుంచి మేరీ ఆంటీ కేకేశారు. "అలా కాదు బాబూ! 'హావ్ స్పాయిల్డ్' అనాలి. ఇంకా చెడిపోతూనే ఉందనుకో, అప్పుడు 'హావ్ బీన్ స్పాయిలింగ్' అనాలి!"

పరీక్ష వారంలో ఆంటీ మా ఇంటికే వచ్చి గడియారం పెట్టుకుని కూర్చున్నారు. వంటింటి తలుపు పక్కన సూట్‌కేసుల మీద ఎండేసి తెచ్చిన ఉన్నికోట్లు కుప్పగా ఉన్నాయి. వంటింట్లో మా ఆయన పప్పుకు కుక్కర్ పెట్టారు.

"ఏమ్మా, రెడీయేనా? మీరు చాలా కాలం ఎదురుచూసిన విషయం ఒకటి. దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. కానివ్వు."

నేను మొదలుపెట్టాను. ఇంగ్లిష్‌లో నాకు అన్ని మాటలు వచ్చునని నాకే తెలియదు. ఫ్రిజ్ తలుపు చెప్పాను. శాలువా చెప్పాను. మొక్క చెప్పాను, పీహెచ్‌డీ చెప్పాను. ఇరవై తొమ్మిదో ఏడు చెప్పాను. తెలుగులో ఎవరికీ చెప్పనివి, పరాయి భాషలో పరాయివాళ్ళవి అన్నట్టు సులువుగా వచ్చేశాయి. రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఆంటీ గడియారం బోర్లించేశారు. మా ఆయన గరిటె పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయారు. వెనక కుక్కర్ ఎన్ని విజిళ్ళు వేసిందో ఆయన లెక్కపెట్టలేదు.

ఢామ్మంది. కుక్కర్ సేఫ్టీవాల్వు ఊడి, కందిపప్పు పైకప్పుకు తగిలి, అక్కడ్నుంచి తీరిగ్గా చలిదేశం కోట్ల మీదికీ మా ఆయన నెత్తి మీదికీ దిగింది.

మేరీ ఆంటీ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. పప్పు పడిందో, ఇంకేమైనానో నేనడగలేదు. "ఎక్కడా తడుముకోలేదమ్మా" అన్నారు మెల్లగా.

మా ఆయన నెత్తి మీది పప్పు దులుపుకుంటూ, "రూల్ పక్కన పెట్టు. గన్ని చెప్పుడు అవసరమా?" అన్నారు.

"పాయింట్లండీ" అన్నాను.

స్కోరు బాగానే వచ్చింది. ఉద్యోగానికి శైలజ మేడమ్ దగ్గరికే వెళ్ళాను. హెర్బేరియంలో ప్రాజెక్ట్ అసిస్టెంటు. మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, తడంతా పోయి ఎండేదాకా నొక్కి ఉంచి, తర్వాత అట్టకు అతికించి పేరు రాయడం పని. "చేయగలవా?" అన్నారు మేడమ్. చేయించుకున్న అనుభవం ఉంది, చేయడం ఎంతసేపు?

పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి నడిచి డిపార్ట్‌మెంటుకు వెళ్తుంటే ఎవరూ 'ఇంక పోలేదా' అనేవారు కాదు. 'వచ్చినవా' అనేవారు. అంత చిన్న మాటకు మనిషి ఆకలితో ఉంటుందని నాకు తెలియదు.

ఏడాది గడిచాక భూపాల్ నా పేరు మీద కొత్త ఫైలు వేశాడు. ఇక ఏ మెయిలొచ్చినా నా ఫోన్‌కే. సాయంత్రం నేను చెప్పులు విప్పేలోపే మా ఆయన చేతిలో చట్నీ గిన్నెతో ఎదురొచ్చేవారు.

"మెయిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమని?"

"కరెంట్ బిల్లు."

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, గడ్డిజాతి మొక్కనొకదాన్ని అట్టకు అతికిస్తుంటే ఫోన్ మోగింది. పీఆర్ వచ్చేసింది. ఎనిమిదేళ్ళు మా నెత్తి మీద కూర్చున్నది రెండు లైన్ల మెయిల్. చదివి, ఫోన్ పక్కన పెట్టి, మొక్క వేరు ఊడకుండా అతికించాను. అది సగంలో వదిలితే పాడవుతుంది.

సాయంత్రం చెప్పాను. మా ఆయన చట్నీ గిన్నెతో గంతేశారు. అప్పటికప్పుడు లక్ష్మీనర్సయ్యగారింటికి పరుగెత్తారు, మెయిన్ రోడ్డు మీంచి! ఆయన కూడా చాలా సంతోషించి, "మల్ల సభ పెడ్తం. శాలువాలు మాత్రం పాతయే తెచ్చుకోరి, మల్ల కప్పుతం" అన్నారట.

తిరిగొచ్చేసరికి భూపాల్ ఫోన్. స్పీకర్‌లోనే.

"ముబారక్ అన్నా! ఒక్క ముచ్చట యాదుంచుకో. ముందుగాల ఒదిన దిగాలె, లేదంటె ఇద్దరు కలిసి. ఆమె పోకుంట నువ్వొక్కనివి పోరాదు. నువ్వు డిపెండెంటువు గద."

"పోక ఏమైతది? పోతది" అన్నారు మా ఆయన. ఫోన్ పెట్టేసి నా వంక తిరిగారు. "టికెట్లు ఎప్పటికి చెయ్యమంటవ్?"

"పీహెచ్‌డీల చేరిన."

"ఎప్పుడు?"

"రెండు నెల్లయింది."

"నాకు చెప్పలే?"

"మధ్యల వీసా వస్తే అని చెప్పలే."

మా ఆయన సూట్‌కేసు మీద కూర్చున్నారు.

"అంటె పోవా?"

"పోనని అన్ననా?"

"పోతవా?"

"పోతనని అన్ననా?"

"మరి ఎట్ల, స్వరూపా? గడువు ఉంటది గద. నాకు ఏదో ఒకటి చెప్పాలె గద!"

నేను గొంతు సవరించుకుని, ఆ చలిదేశం వెబ్‌సైట్ నాకు నేర్పిన భాషలో చెప్పాను. "మీ దరఖాస్తు అందినది. ప్రస్తుతం పరిశీలనలో ఉన్నది. పదే పదే విచారించడం వల్ల నిర్ణయం త్వరపడదు. మీ సహనానికి ధన్యవాదాలు."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. ఆ మొహం చూస్తే జాలేసింది. పరిచయమున్న మొహమే. ఎనిమిదేళ్ళు అద్దంలో చూశాను.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అడుగుతున్నారు. ఫోన్‌లో వచ్చే మెయిల్ గురించి కాదు, నా గురించి. "స్టేటస్ ఏందే?" అని, నసుగుతూ, టీ కప్పు అందిస్తూ. "మారలే" అంటాను. అబద్ధం కాదు. నాకూ తెలియదు. వెళ్తానో లేదో తెలియకపోవడం ఇంత కాలం నేను మోసిన బరువే, కాకపోతే ఇప్పుడు దాన్ని ఇద్దరం మోస్తున్నాం.

మొన్న ఆదివారం క్యాంపస్ నర్సరీ నుంచి కరివేపాకు మొక్క తెచ్చాను. మా ఆయన డాబా మీంచి పగిలిన కుండీ ఒకటి వెతికి, మట్టి దులిపి తెచ్చారు.

"కుండీల కాదండీ. కింద, ఆంటీ వాకిట్ల. నేలల పెడ్తా."

"నేలల పెడితే..." అని ఆగారు. "పోయేటప్పుడు తీస్కపోరాదు గద?"

"రాదు."

మా ఆయన మొక్క వంక చూశారు. నా వంక చూశారు. కుండీ పక్కన పెట్టి, మేరీ ఆంటీ దగ్గర గునపం అడిగి తెచ్చుకుని, లుంగీ ఎగ్గట్టారు.

"ఎంత లోతు తవ్వాలె?" అన్నారు.