తెర దాటి రాని జబ్బు

హలో... హలో, వినిపిస్తోందాండీ? ఆ, సరే. అందరూ కులాసాయేనా? అయితే ఒక సంతోషకరమైన వార్త, కూర్చుని వినండి. రొమ్ము క్యాన్సర్ మగవాళ్ళకు రాకూడదని మన దర్జీల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. వ్యతిరేకించినవారు లేరు. సంఘంలో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు కాబట్టి నవ్వినవారు కూడా లేరు.

ఈ తీర్మానం రాసిన మహానుభావుడు సంఘం అధ్యక్షుడు, జెంట్స్ టైలర్. ఆయన పేరు అడక్కండి. ఆయన చొక్కా నాకు అతికినట్టు సరిపోతుందని మాత్రం చెప్పగలను.

ఆయన దుకాణం మధ్యలో ఒక నీలం తెర ఉంటుంది. ఇవతల చొక్కాలు, ఆయన. అవతల జాకెట్లు, ఆయన భార్య. అవతలికి అప్పుడప్పుడు ఆపరేషనైన ఆడవాళ్ళు వచ్చేవారు. "ఒకవైపు లోపల కాస్త దూది పెట్టి కుట్టమ్మా, బయటికి తెలియకూడదు" అని గొంతు తగ్గించి అడిగేవారు. ఆవిడ కుట్టిచ్చేది. ఆ మాటలు చెవిన పడగానే ఈయన మిషను గడగడా తొక్కేవాడు. మర్యాదస్తుడు కదా.

ఒకరోజు క్యాన్సర్ డాక్టరమ్మ సంఘం ఆఫీసుకు వచ్చింది. ఈ జబ్బు చిన్న వయసులోనే ఎందుకు వస్తోందో, ఒకావిడకు పనిచేసిన మందు పక్క మంచం మీదావిడకు ఎందుకు పనిచేయదో తెలుసుకోవడానికి పరిశోధన మొదలుపెట్టామనీ, నిధుల్లేక సగంలో ఆగిందనీ, సాయం చేయమనీ అడిగింది.

"పరిశోధనంటే కంటికి కనబడుతుందా అమ్మా?" అన్నాడు ట్రెజరర్. ప్యాంట్లు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"కనబడదండీ. ఏళ్ళు పడుతుంది. ఒక్కోసారి ఏమీ తేలదు కూడా."

"పోనీ, ఫోటో?"

"ల్యాబులో సీసాలుంటాయి."

కమిటీ ముఖముఖాలు చూసుకుంది. సీసాల పక్కన నిలబడి ఫోటో దిగడం సంఘం గౌరవానికి భంగం. కనుక సంఘం దగ్గరున్న నిధితో బ్రహ్మాండమైన అవగాహన సభ జరపాలని నిర్ణయమైంది. డాక్టరమ్మకు ముందు వరసలో కుర్చీ కూడా మంజూరైంది.

బ్యానర్ దగ్గర చిక్కొచ్చి పడింది. రొమ్ము అనే మాట మూరెడు అక్షరాలతో వేలాడితే ఆ వీధిన సంసారులెలా నడుస్తారు? మూడు సమావేశాలు నడిచాయి. ఒకరు 'ఛాతీ' అన్నారు, ఇంకొకరు 'పైభాగం' అన్నారు. చివరికి 'మహిళల ఆ క్యాన్సర్‌పై అవగాహన సభ' అని ఖరారు చేశారు. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఆ మాట నోట రాకే కదా సార్, గడ్డ తగిలినా ఆర్నెల్లు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, ముదిరాక వస్తున్నారు!"

"అందుకేనమ్మా, వాళ్ళ బిడియాన్ని మేం గౌరవిస్తున్నాం" అన్నాడు అధ్యక్షుడు.

సభ దిగ్విజయంగా జరిగింది. కుర్చీలన్నిట్లో మగవాళ్ళు కూర్చోవడం వల్ల ఆడవాళ్ళు బయట నిలబడి అవగాహన పొందారు. అధ్యక్షుడు మైకు అందుకుని, "రొమ్ము విరుచుకుని చెబుతున్నాను! ఆ జబ్బుని ఊళ్ళోంచి తరిమికొడతాం!" అని గర్జించాడు. చప్పట్లు మోగాయి. రొమ్ము మగాడిదైతే విరుచుకోవచ్చు, మైకులో అనొచ్చు. కాకపోతే ఆ జబ్బు గుర్తుగా చొక్కాకి గులాబీ రిబ్బన్ గుచ్చినప్పుడు ఆయనకు ఎడమవైపు కలుక్కుమంది. పిన్ను నాసిరకం అనుకున్నాడు.

పది రోజుల తర్వాత భార్య ఒక బనీను పట్టుకుని తెర ఎత్తింది.

"ఏమండీ, ఏంటీ మరక?"

"ఆ రోజు పిన్ను గుచ్చుకుందే."

"పిన్ను రోజూ గుచ్చుకుంటుందా? నాలుగు బనీన్లకీ అక్కడే ఉంది. చొక్కా విప్పండి."

"కస్టమర్లొస్తారే!"

"వస్తే మీకూ కొలతలు తీస్తున్నాననుకుంటారు. విప్పండి ముందు."

ఆవిడ వేళ్ళు ఒకచోట ఆగాయి. "గడ్డ. అవతల కూర్చుని ఇలాంటివి ఎన్ని విన్నానో. పదండి ఆస్పత్రికి."

"పిచ్చిదానా, అది మగాళ్ళకి రాదు. తీర్మానం చేశాం."

"జబ్బుకి కాపీ పంపారా?"

ఆస్పత్రిలో ఆయనకు గులాబీ రంగు ఫారం ఇచ్చారు. ఎన్ని కాన్పులు? ఆఖరుసారి బహిష్టు ఎప్పుడు? ఆయన 'వర్తించదు' అని రాశాడు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ ఒప్పుకోవడం లేదంది. "ఏదో ఒక తేదీ చెప్పండి సార్, లేకపోతే ముందుకు కదలదు." ఆయన తన పెళ్ళి తేదీ చెప్పాడు. కంప్యూటర్ తృప్తిపడింది.

వరసలో కూర్చుంటే ఒక పెద్దావిడ కసిరింది. "మగాళ్ళు బయట ఉండాలి నాయనా, కనబడట్లేదూ?"

"నేనే పేషెంటునమ్మా" అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా.

ఆవిడ ఎగాదిగా చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది. సంఘంలో ఏ కుర్చీలోనూ ఆయన అంత కుదురుగా కూర్చోలేదు.

ముక్క తీసి పరీక్ష చేశారు. అదే జబ్బు.

"మగాళ్ళకి కూడానా?" అన్నాడు డాక్టరమ్మతో.

"ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి ఒకరు మగవాళ్ళండీ. రాదనే ధీమాతో ఆలస్యంగా వస్తారు. మీ ఇంటావిడ పుణ్యమా అని మీరు తొందరగానే వచ్చారు. ఆపరేషన్ చేద్దాం."

"మగవాళ్ళకి వేరే మందుందా?"

"చాలావరకు ఆడవాళ్ళ మీద పరీక్షించిన మందులే ఇస్తాం. మగవాళ్ళ మీద పరిశోధన బాగా తక్కువ."

"అదేంటమ్మా! ఎవరూ చెయ్యరా?"

డాక్టరమ్మ ఆయన వంక ఒకసారి చూసి ఆపరేషన్ తేదీ రాసిచ్చింది. నాలుగు తిట్టుంటే బాగుండేదని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆపరేషనై, ఎడమవైపు పలకలా చదునై ఇంటికొచ్చాడు. బుద్ధి వచ్చిందనుకున్నారా? తొందరపడకండి. వీధి వీధంతటికీ గుండె ఆపరేషన్ అని చెప్పాడు. గుండె పరువుగల అవయవం. సంఘం వెంటనే 'గుండెనిబ్బరం గల మా అధ్యక్షుడు' అని బ్యానర్ కట్టింది. ఈసారి అక్షరాల దగ్గర ఎవరికీ ఇబ్బంది రాలేదు.

"ఎన్నాళ్ళు దాస్తారు?" అంది భార్య.

"దాచడం కాదే, మర్యాద."

రెండు నెలల తర్వాత ట్రెజరర్ వచ్చి, ఆయన్ని ట్రయల్ రూములోకి లాగి తలుపేశాడు.

"అన్నా, నీకు గుండె జబ్బు ఎలా మొదలైంది? నాకూ ఇక్కడ బఠాణీ గింజంత గట్టిగా తగులుతోంది. గుండేమోనని ఈసీజీ తీయించా, బ్రహ్మాండంగా ఉందన్నారు. ఇంక వదిలేద్దామనుకుంటున్నా."

"నువ్వు చూపిస్తోంది కుడివైపురా. గుండె కుడివైపెందుకుంటుంది?"

"ఏమో, నీకొచ్చింది కదా అని..."

తన పరువు కోసం ఆడిన అబద్ధం వీడి ప్రాణం మీదికొచ్చి కూర్చుంది. అధ్యక్షుడు గుండీలు విప్పి, కుట్లు చూపించాడు.

"నాది గుండె కాదురా. రొమ్ము."

"ష్! అన్నా, అవతల ఆడవాళ్ళున్నారు!"

"రొమ్మురా! రొమ్ము క్యాన్సర్! నాకొచ్చింది, నీకూ వచ్చుండొచ్చు. నడు, ఇప్పుడే!"

తెర అవతల మిషను ఆగింది. కొలతలకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. ఎవరూ మూర్ఛపోలేదు. వీధిలో సంసారులు యథాప్రకారం నడుస్తూనే ఉన్నారు.

ట్రెజరర్‌దీ అదే జబ్బు. కానీ చిన్నగా ఉండగానే దొరికింది, మనిషి దక్కుతాడన్నారు. ఈ ఏడు సంఘం సభ జరపలేదు. నిధి మొత్తం డాక్టరమ్మ సీసాలకు వెళ్ళింది. ఫోటో లేదు కాబట్టి మీరెవరూ చూసి ఉండరు.

సరేనండీ, ఉంటాను. ఈ కథ నలుగురికీ పంపండి. ఇలాంటివి ఆడవాళ్ళకు పంపేసి చేతులు దులుపుకునే రకం మనం, నేనూ అంతే. ఈసారి మాత్రం మగవాళ్ళ గ్రూపులో వేయండి. పంపడానికి నొక్కే ముందు అదే వేలితో చొక్కా లోపల ఎడమా కుడీ ఒకసారి తడిమి చూసుకోండి. సిగ్గేస్తోందా? ఆర్నెల్లు దాచుకున్న వాళ్ళందరికీ అలాగే వేసిందటండీ.