కోటబొమ్మాళి పిల్లకి తండ్రెవరు?

"త్రినాథ్! ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్లు, చిక్కబోయేవాళ్లు," అన్నాడు ఉదయభాస్కర్.

"మొదటి రకంలో ఎవులున్నారు?" అడిగాడు త్రినాథ్, జిరాక్సు మిషన్లో ఇరుక్కున్న కాగితాన్ని లాగుతూ.

"ఇంకా ఎవరూ లేరు. అందరూ రెండో రకంలో దాక్కున్నారు. అదే వాళ్ల తెలివి."

అరసవల్లి గుడికెళ్లే దారిలో త్రినాథ్‌ది జిరాక్సు కొట్టు. కొట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. వచ్చినవాళ్లు కూర్చోడానికి కొన్నాడు. కొన్న మర్నాటి నుంచి అందులో ఉదయభాస్కరే కూర్చుంటున్నాడు. కొట్టు బోర్డు కింద తన బోర్డు కూడా కట్టించుకున్నాడు. "అపరాధ పరిశోధక భాస్కరుడు. చీకటి నేరాలపై సూర్యకిరణం." కరెంటు పోతే ఆ బోర్డూ కనపడదు.

ఇంతవరకూ అతను ఛేదించిన కేసు ఒకటే. పక్కింటి దుర్గ గారి పాలగిన్నె మాయమైంది. అది ఫ్రిజ్‌లోనే ఉంది. ఆ సంగతి దుర్గ గారే చెప్పింది.

చిన్నప్పుడు బళ్లో ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది ఒక మాస్టారు. ఆ మాస్టార్ని త్రినాథ్ ఇప్పటికీ క్షమించలేదు.

ఫోన్ మోగింది. భాస్కర్ స్పీకర్ పెట్టాడు.

"డిటెక్టివు బాబేనా? నాను కోటబొమ్మాళి అసిరమ్మని. టేసను గోడ మీద నీ బొమ్మ సూసినాను."

"చెప్పండి. నిర్భయంగా చెప్పండి."

"భయమేటి బాబూ, బాధ గానీ. మావోడు పోనాడు. లారీ గుద్దీసింది."

భాస్కర్ కుర్చీలోంచి లేచాడు. త్రినాథ్ గబుక్కున కూర్చున్నాడు.

"ఆడి పిల్ల జగన్నాధం ఇంట్లో ఉన్నాది. మావోడికి పుట్టిందే. జగన్నాధం కాదంటన్నాడు. విశాపట్నంలో ఎవుడో గొప్పింటోడికి పుట్టిందని సెప్తన్నాడు. ఉమ్మి తీసి తండ్రెవుడో సెప్తారట కదా, అదేదో డీయన్నే. అది సేసి నా పిల్లని నాకిప్పించు. ఆడి గురుతు ఇంకేటీ మిగల్నేదు నాకు. వచ్చే ఆదోరం దాటితే దాన్ని అమ్మీస్తాడట."

లైన్ తెగిపోయింది. భాస్కర్ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"రహస్య ప్రణయం. లారీ రూపంలో మృత్యువు. ధనికుడి చెరలో పసికందు. త్రినాథ్, ఇది హత్య."

"ఒకసారి తిరిగి ఫోన్ సేసి సరిగ్గా కనుక్కో బావా."

"వద్దు. శత్రువు వింటూ ఉంటాడు."

ముందు డీఎన్ఏ పెట్టె కొనాలి. ఇంటికే తెప్పించుకునేవి ఫోన్లో బోలెడు కనిపించాయి. చదివే పని త్రినాథ్‌ది.

"ఇది మన పూర్వీకులు ఏ దేశమోళ్లో సెప్తాదట. ఇది వచ్చే జబ్బులు సెప్తాది. తండ్రెవుడో తేల్చాలంటే మాత్రం తండ్రి ఉమ్మి కూడా పంపాలట. లేకపోతే ఊహే తప్ప రుజువు కాదని రాసినారు."

"తండ్రి గతించాడు."

"అయితే ఏ పెట్టె కొన్నా దండగే. పైగా జవాబు రావడానికి వారాలు పడతాది. ఆదివారం దాటితే పిల్లని అమ్మేస్తాడు."

"జవాబు ఎవడిక్కావాలి? ఉమ్మి తీసే పుల్ల చూపిస్తే చాలు, నేరస్థుడు వణికిపోతాడు. అదిగో, ఆ చవకది. దాని మీద ఆ గుర్తు చూశావా?"

"కుక్క కాలిలాగ ఉంది."

"అడుగుజాడ! పరిశోధకుల కోసం పరిశోధకులు పెట్టిన కంపెనీ."

"జాతి కూడా సెప్తామని రాసినారు."

"జాతి, కులం, గోత్రం అన్నీ చెబుతారన్నమాట. నమ్మకమైనవాళ్లు."

కింద సన్న అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. త్రినాథ్ కళ్లద్దాలు వెతుక్కునేలోగా భాస్కర్ ఆర్డర్ పెట్టేశాడు.

శనివారానికి పెట్టె వచ్చింది. అందులో పొడుగాటి దూదిపుల్ల, దాన్ని పెట్టడానికి మూతగొట్టం. ఆదివారం పొద్దున్న ఇద్దరూ రైలెక్కారు. భాస్కర్ పలాస జీడిపప్పు షావుకారు వేషం వేశాడు. సిల్కు లాల్చీ, జిరాక్సు కొట్టు జిగురుతో అంటించిన మీసం. ఉక్కపోతకి మీసం ఎడమ కొస నోట్లోకి దిగుతూ ఉంది. రైల్లోనే దూదిపుల్ల తీసి తన బుగ్గ లోపల రుద్దుకున్నాడు.

"అదేటిరా?"

"కంపెనీ నిజాయితీని పరీక్షిస్తున్నాను. నా వంశం నాకు తెలుసు. వాళ్లేం చెబుతారో చూద్దాం."

"మరి పిల్లకి?"

భాస్కర్ ఆగాడు. పుల్ల ఒక్కటే ఉంది. దాన్ని లాల్చీ జేబులో పెట్టుకుని కిటికీలోంచి చాలాసేపు పొలాలు చూశాడు.

జగన్నాధం ఇల్లు మేడ. వాకిట్లో ముగ్గు, గుమ్మానికి మావిడాకులు. కూతురు యమునకి ఆ రోజే పెళ్లిచూపులు. రాజాం నుంచి పెళ్లివారు రావాలి. జగన్నాధం చూపంతా వీధి మీదే ఉంది.

"నమస్కారం. పలాస నుంచి వస్తున్నాం. మీ ఇంట్లో పిల్ల ఉందని తెలిసింది," అన్నాడు భాస్కర్ గొంతు బరువు చేసుకుని.

"ఉన్నాది, ఉన్నాది. రండి. ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ అమ్మేసినాను."

భాస్కర్ త్రినాథ్ చెయ్యి పట్టుకుని నొక్కాడు. "అన్నీనా! ఎన్ని?"

"ఆరు. ఒక్క కాన్పులో ఏడు పుట్టాయి. పలాసలో కూడా మన పిల్ల ఉన్నాది, మీరు సూసే ఉంటారు. నల్లగా, బొద్దుగా ఉంటాది."

"తల్లి ఎక్కడ?"

"పెరట్లో కట్టేసినాను."

"కట్టేశారా!"

"గొలుసుతోనే లెండి. తాడయితే కొరికేస్తాది."

పెరట్లోంచి భౌ మని వినిపించింది. త్రినాథ్‌కి విషయం మొత్తం ఒక్కసారిగా వెలిగింది. లారీ, పిల్ల, పెట్టె మీది కాలు, అన్నీ.

"బావా," అన్నాడు చెవిలో. "అది కు..."

"ష్!"

"అది కుక్..."

"కుక్కని కూడా కాపలా పెట్టాడు. విన్నాను. నువ్వు ఊరుకో." మళ్లీ జగన్నాధం వైపు తిరిగాడు. "తండ్రి?"

జగన్నాధం ముఖం ఒక్క క్షణం మాడింది. "తండ్రి విశాపట్నంలో ఉంటాడు. గొప్ప వంశం. మూడు తరాల పేర్లతో పెడిగ్రీ కాగితం ఉన్నాది. నల్లగా ఉన్నాదని దీన్ని ముందు ఎవులూ తీసుకోలేదు. ఇప్పుడు నల్లవే ఫేషనట. మీరు పట్టుకుపోతానంటే సంచీలో ఏసి ఇచ్చేస్తాను."

"సంచీలోనా!" భాస్కర్ గొంతు బరువు చేసుకోవడం మర్చిపోయి అరిచాడు. ఈసారి నటన కాదు.

అప్పుడే కారు ఆగింది. రాజాం పెళ్లివారు దిగారు. అందరికన్నా ముందు పెళ్లికొడుకు మేనత్త కూర్మమ్మ. ఆవిడ ఊఁ అంటేనే ఆ ఇంట్లో పెళ్లి. వాళ్లు కుర్చీల్లో సర్దుకున్నారు. యమున సున్నుండల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. త్రినాథ్ భాస్కర్ లాల్చీ పట్టుకుని వీధిలోకి లాగాడు. లాల్చీ మాత్రమే వచ్చింది, కొంచెం.

భాస్కర్ నడిమధ్యకి వెళ్లి మీసం పీకేశాడు. సగం ఊడింది.

"జగన్నాధం! నీ నాటకానికి తెర పడింది. నేను షావుకార్ని కాను. అపరాధ పరిశోధక భాస్కరుణ్ణి!"

"ఎవులు నువ్వు?" అన్నాడు జగన్నాధం.

"నీ పెరటి గోడకి తెలుసు నేనెవరో. ఈ ఇంట్లో ఒక రహస్య ప్రణయం నడిచింది. ఆ అభాగ్యుడు అసిరమ్మ ఇంటివాడు. పేదవాడని తొక్కేశావు. లారీ కింద వాడి కథ ముగిసింది. కానీ రక్తం అబద్ధం చెప్పదు. ఈ ఇంటి పిల్లకి తండ్రి వాడే!"

కూర్మమ్మ సున్నుండ నోటి దగ్గరే ఆపింది.

"ఏటి? ఏ పిల్లకి?"

అందరూ యమున వైపు చూశారు. యమున తండ్రి వైపు చూసింది. జగన్నాధం నుదుటి మీద చెమట వరసలు కట్టింది. నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే సంబంధం పోతుంది.

"కుక్కపిల్లకి!" అని అరిచాడు. "అమ్మా, కుక్కపిల్లకి! మా జూలీ పిల్లకి!"

"కుక్కపిల్లకా?" అన్నాడు భాస్కర్ చాలా చిన్నగా.

"తప్పించుకోడానికి కుక్క మీద పెడతన్నావేటి?" కూర్మమ్మ లేచి నిలబడింది. "నువ్వు కళ్లారా సూసినావా?"

"సూసినానమ్మా! మా జూలీ, ఆ అసిరమ్మ నల్లకుక్క కర్రోడు. దొడ్డిగోడ పక్కనే. నేనే బిందెడు నీళ్లు పోసినాను, అయినా ఇడిపోలేదు. అమ్మాయి మీద ఒట్టు. మా అమ్మాయికీ దీనికీ ఏ సంబంధం నేదు!"

కూర్మమ్మ కూర్చుంది. సున్నుండ తింది. తిని, మెల్లగా అడిగింది.

"జగన్నాధం, మాకూ ఒక పిల్లని అమ్మినావు కదా. ఆ ఈతలోదే కదా?"

జగన్నాధం పైపంచెతో నుదురు తుడుచుకున్నాడు.

"తాత పేరు డ్యూకన్నావు. అమ్మమ్మ విక్టోరియా అన్నావు. అంత గొప్పింటిదని దాన్ని ఏసీ గదిలో పడుకోబెట్టినాం. మా పెళ్లికొడుకు వరండాలో పడుకుంటన్నాడు."

"అమ్మమ్మ విక్టోరియా నిజమేనమ్మా. తల్లివైపు అంతా నిజమే."

"తండ్రివైపు?"

"కర్రోడు."

"కర్రోడి తండ్రి?"

"ఎవులికి తెలుసు!"

పెళ్లికొడుకు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు చూసి యమునకి నవ్వొచ్చింది. పళ్లెంలో సున్నుండలు దొర్లాయి. ఇద్దరూ ఒకరినొకరు సరిగ్గా చూసుకున్నది అప్పుడే.

"మగకుక్క ఇంటికి ఒక పిల్లనివ్వాలి. మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్న మాటే," అంది కూర్మమ్మ. "అది ఎగ్గొట్టడానికి తండ్రినే మార్చీసినావు. పిల్లని అసిరమ్మకి ఇచ్చీ. తరవాత మన మాటలు మాట్లాడుకుందాం. మా తాతముత్తాతల గురించి మీరూ అడక్కండి, మీ వాళ్ల గురించి మేమూ అడగం."

జగన్నాధం లోపలికెళ్లి నల్లపిల్లని తెచ్చి భాస్కర్ చేతుల్లో పెట్టాడు.

"నేను మొదటి నుంచీ కుక్క అనే అనుకున్నాను," అన్నాడు భాస్కర్ వీధిలోకి రాగానే.

"సగం మీసం తీసీ," అన్నాడు త్రినాథ్.

ఆటోలో పిల్ల ఊరుకోలేదు. భాస్కర్ లాల్చీ జేబులో తల దూర్చి దూదిపుల్ల దొరికించుకుంది. తీరిగ్గా నమిలింది. భాస్కర్ దాని నోట్లోంచి లాగి, లాల్చీకి తుడిచి, గొట్టంలో పెట్టి మూత బిగించాడు.

"అది పంపకురా."

"నా ఉమ్మి అడుగున భద్రంగా ఉంటుంది. సైన్సు నీకేం తెలుసు?"

అసిరమ్మ స్టేషన్ దగ్గర జంతికలు అమ్ముతుంది. రోజూ పొద్దున్న కర్రోడు ఆమె ముందు నడిచేవాడు. వాడు పోయాక ఆ దారిలో ఆమె ఒక్కతే నడుస్తూ ఉంది. పిల్లని చూడగానే బుట్ట దించేసింది. ఎడమ చెవి ఎత్తి చూసింది. చెవి కొస లోపలికి మడతపడి ఉంది.

"సూడు బాబూ, అచ్చం ఆడే. ఆడిదీ ఇలాగే ఉండీది."

పిల్లని కొంగులో చుట్టుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని భాస్కర్‌ని పైకీ కిందకీ చూసింది.

"మావోడు అంటే మనిసనుకున్నావేటి నువ్వు?"

"ఛ, ఛ!"

"అనుకుంటే తప్పేటి నేదులే. నానూ అలాగే అనుకునీదాన్ని."

ఆమె ఇచ్చిన జంతికలు రైలు కదిలేలోగా భాస్కర్ ఒక్కడే తినేశాడు.

కొన్ని వారాలకి ఫోన్లో కంపెనీ జవాబు వచ్చింది. భాస్కర్ కుర్చీలోంచి ఎగిరాడు. త్రినాథ్ కూర్చోబోయాడు గానీ భాస్కర్ వెంటనే మళ్లీ అందులోకే దిగిపోయాడు.

"త్రినాథ్! నా వంశం బయటపడింది! సగం దేశవాళీ. మిగతా సగం లాబ్రడార్! లాబ్రడార్ అంటే ఎక్కడో తెలుసా? కెనడాలో! సముద్రం పక్కన! మా ముత్తాత ఓడ మీద వచ్చి ఉంటాడు. అందుకే నాకీ మేధస్సు."

త్రినాథ్ ఫోన్ తీసుకున్నాడు. పైన కుక్క కాలి గుర్తు. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని, సన్న అక్షరాలు కూడా చదివాడు.

"ఇంకా గుణాలు కూడా రాసినారు బావా. మనుషుల్ని వదిలి ఉండలేదు. తిండి మీద అదుపు ఉండదు. ఎవులు వచ్చినా స్నేహంగా ఎదురెళ్తాది, అందుకని కాపలాకి పనికిరాదు."

"అక్షరాలా నేనే! ఎంత నమ్మకమైన కంపెనీ!"

"సెవులు వారానికోసారి తుడవాలట."

"తుడుస్తాను."

త్రినాథ్ ఆ జవాబుని రంగుల్లో ప్రింటు తీశాడు. లామినేషన్ చేసి భాస్కర్ బోర్డు కింద, గుడికెళ్లే వాళ్లందరికీ కనపడేలా మేకు కొట్టి తగిలించాడు. జనం ఆగి చదువుతున్నారు. భాస్కర్ ప్రతి ఒక్కరికీ నమస్కారం పెడుతున్నాడు.

ఆ సాయంత్రం త్రినాథ్ తన చిన్ననాటి మాస్టార్ని క్షమించేశాడు.