గేటు మీద నల్లంచు కాగితం

ఆ శుక్రవారం ఉదయం నిత్సానా వేసుకున్న లెక్క చాలా తేలికైనది. రమత్ గాన్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, ఏడవడానికి పది మంది చిన్న వేషాల నటులు, ఒక్క సంతాప దృశ్యం. సాయంత్రం యూదుల విశ్రాంతి దినమైన షబ్బాత్ దీపాలు వెలిగించే వేళకు ఫ్లాటు ఖాళీ చెయ్యాలి. ఆమె డైరెక్టు చేస్తున్న మొదటి సినిమాకి అదే ఆఖరి షూటింగు రోజు. ఈ దృశ్యం పోతే సినిమా పోయినట్టే.

ఇంటాయన మురాద్ హవుషా అన్నిటికీ ఒప్పుకున్నాడు, ఒక్కదానికి తప్ప. "తలుపు మీది ఇత్తడి పేరుపలక పోయిన మా ఆవిడ బిగించింది. దాని జోలికి రావద్దమ్మాయ్," అని బజారుకు వెళ్లిపోయాడు. పలక మీద ఆయన పేరు కెమెరాకి కనబడుతుంది. అందుకని కళాదర్శకురాలు ఇలీల్ కథలో చచ్చినవాడి పేరే మార్చేసింది. నల్లంచు సంతాప ప్రకటనలో "మురాద్ హవుషా" అని అచ్చేయించి కింద గేటుకు అంటించింది. షాటు తీశాక పీకడం మరిచిపోయింది.

పదింటికి ఫోనొచ్చింది, నటుల బస్సు దారిలో చెడిపోయిందని. నిత్సానా నెత్తిన చేతులు పెట్టుకు కూర్చుంది. అంతలో తలుపు తోసుకుని కింది అంతస్తు మార్సెల్ వచ్చింది, చేతిలో గిన్నెడు కుబ్బేతో, అంటే మాంసం కూరిన ఉండలతో. ఆమె వెనక మెట్ల నిండా గేటు మీది కాగితం చూసొచ్చిన జనం, చావింటికని ప్రతివాళ్ల చేతిలో ఓ గిన్నె.

"టీవీ వాళ్లు కూడా వచ్చారే!" అంది మార్సెల్ కెమెరా చూసి.

"రహస్య శాఖలో పనిచేశాడని నాకెప్పుడూ అనుమానమే," అన్నాడు పక్కింటి ఎజ్రా. "అంత తక్కువ మాట్లాడేవాడు మామూలు మనిషా?"

మురాద్ నలభై ఏళ్లు బొత్తాలమ్మాడు.

"అమ్మా, ఇది నిజం కాదు..." అంది నిత్సానా.

"నాకూ నమ్మబుద్ధి కావట్లేదు తల్లీ. ఏడువు, తేలికపడతావు," అంది మార్సెల్.

కెమెరామన్ ఓవేద్ అప్పటికే తీసేస్తున్నాడు. చెప్పకపోవడం పాపమని నిత్సానాకి తెలుసు. గడియారం వైపు చూసింది. నోరు మూసుకుంది.

"పదకొండేళ్లు మాట్లాడలేదు నీతో!" మార్సెల్ గుండెలు బాదుకుంది. "నీ ఏసీ నీళ్లు నా దుప్పట్ల మీద పడితే ఏం కొంప మునిగింది? ఎండకి ఆరిపోవూ!"

సరిగ్గా అప్పుడే మురాద్ పుచ్చకాయతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఎవరు పోయార్రా?" అని ముందున్నవాణ్ణి గుసగుసగా అడిగాడు.

"మురాద్. బంగారంలాంటి మనిషి," అన్నాడతను వెనక్కి తిరక్కుండానే.

మురాద్ పుచ్చకాయ ఒళ్లో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. బతికుండగా ఇంత మంచి ఎవరూ చెప్పలేదు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"మార్సెల్, ఆ ఏసీ నీళ్ల మాట ఇంకోసారి చెప్పు. సాక్షులున్నారు."

మార్సెల్ ముక్కు తుడుచుకుంది, ఆయన్ని ఎగాదిగా చూసింది, కుబ్బే గిన్నె అందుకుంది. "ఇది చచ్చినవాడి కోసం చేసింది. బతికినవాడు తనే వండుకోవాలి!" అని చరచరా మెట్లు దిగింది. "మార్సెల్, ఆగవే!" అంటూ పుచ్చకాయతో మురాద్ ఆమె వెంటపడ్డాడు.

నిత్సానా అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. ఎవరికీ కోపం రాలేదు. తమ ఏడుపు ఒక్క ముక్క కూడా కత్తిరించకూడదన్న షరతు మీద అందరూ సినిమాలో వాడుకోమని సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రం కింది అంతస్తులో మార్సెల్ ఇంట షబ్బాత్ భోజనానికి రెండు కంచాలు పడ్డాయి.

సినిమా విడుదలైంది. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి, చనిపోయినవాడు తిరిగొస్తే గిన్నె వెనక్కి తీసుకుపోయే మనిషి మాత్రం ఈ దేశంలో ఎక్కడా ఉండదని రాశాయి.