కోవా గాలిలో ఉన్న గంటా పదమూడు నిమిషాలు

భూమి మీద దూరాన్ని మనుషులు నడిచి కొలుస్తారు. ఆకాశంలో దూరాన్ని అఫ్జల్‌గంజ్ వైకుంఠం కుర్చీలోంచి లేవకుండా కొలుస్తాడు. బేగంపేట నుంచి బొంబాయి విమానాశ్రయానికి ఆరువందల ఇరవై కిలోమీటర్లు, గంటా పదిహేను నిమిషాలు. విమానాల్లో సరుకు పంపే కంపెనీకి ఏజెంటైన ఈ పెద్దమనిషి ఆ సత్యాన్ని అచ్చేయించి, గోడకు తగిలించి, అగరొత్తులు వెలిగించేవాడు. నన్ను ముంచింది ఆయనే.

"అన్నా, పొయ్యి మీదికెల్లి దించి పంపు. బొంబాయిల దిగేటాలకు ఇంకా ఎచ్చగనే ఉంటది" అన్నాడు.

నేను గౌలిపురలో పాలవాణ్ణి. నాలుగో తరగతిలో బడి మానేశాను కాబట్టి అచ్చులో ఉన్నదంతా నమ్మేవాణ్ణి (చదువుకున్నవాళ్లూ నమ్ముతారు, వాళ్లకు అందుకు జీతమిస్తారు). బొంబాయి మిఠాయి సేటు ఒకాయన మా కోవా రుచి చూసి, మొదటి పెట్టె బాగా చేరితే రోజూ పంపమన్నాడు. ఆ మాట మీద సాహుకారు దగ్గర అప్పు చేసి ఎనిమిది బర్రెలు కొన్నాను.

నా భార్య సత్తెమ్మ అడ్డం పడింది. "ఎండకాలమాయె. కోవ పులుస్తది."

"గంటా పదిహేను నిమిషాలేనే."

"గది విమానానికి. పెట్టెకు ఎంతసేపు?"

ఆడవాళ్లకు భూగోళం తెలియదని ఊరుకున్నాను.

పెట్టె సోమవారం పొద్దున బేగంపేటలో కంపెనీ సరుకు షెడ్డుకు చేరింది. తూకానికొక లైను, తూకం వేశారని చూడడానికి ఇంకో లైను. ప్రయాణికుల సామాను పోగా మిగిలిన జాగాలోనే కోవా ఎక్కాలి. సోమవారం పెళ్లివారి ట్రంకుపెట్టెలు వచ్చాయి. మంగళవారం ఏదో ఆఫీసు కుర్చీలు వచ్చాయి (కుర్చీలు పులియవు, అయినా వాటికే తొందర). బుధవారం కోవా ఎక్కి, గంటా పదమూడు నిమిషాల్లోనే దిగింది. రెండు నిమిషాలు ముందే. న్యాయం చెప్పుకోవాలి.

సేటు తంతి కొట్టాడు: "కోవా పులిసింది. ఇక పంపవద్దు."

నష్టపరిహారం కోసం కంపెనీ అధికారి వెంకటనారాయణ దగ్గరికి పోయాను. మర్యాదస్థుడు, చాయ్ తెప్పించాడు.

"విమానం ఎంతసేపు ఎగిరిందండీ?"

"గంటా పదమూడు నిమిషాలు సార్."

"అంతలో కోవా పులుస్తుందా?"

"ఎట్ల పులుస్తది సార్?"

"కానీ పులిసింది. అంటే మీరు పులిసిందే ఇచ్చారు."

"రెండు దినాలు మీ షెడ్డుల ఉడకవెట్టిండ్రు సార్!"

"షెడ్డు ప్రయాణంలోకి రాదండీ. చక్రం నేల వదిలితే మొదలు, నేల తాకితే ఆఖరు. షెడ్డులో ఉన్నంతసేపూ మీ పెట్టె బొంబాయికి బయల్దేరనే లేదు. బయల్దేరనిదానికి ఆలస్యం ఎక్కడిది?"

పాడైన తిండిని విమానమెక్కించినందుకు నాకే జరిమానా వేశారు. అది కట్టడానికి మూడు లైన్లు.

వైకుంఠాన్ని నిలదీశాను. "నేను జెప్పింది తప్పా అన్నా? గంటా పదిహేనన్న. రెండు నిమిషాలు ముంగటనే దింపిండ్రు. ఏం లొల్లి నీది?"

ఆయన లెక్కలో తప్పు నాకు ఇప్పటికీ దొరకలేదు. సాహుకారు బర్రెలను తోలుకుపోయాడు, అవి అదే పూట చేరాయి. బర్రెలు పోగా మిగిలిన బాకీ కింద నేను రాసిచ్చింది గౌలిపురలో మా తాత కట్టిన కొట్టం, నూట నలభై రెండు గజాలు.